గర్భస్రావ రికార్డుల్లో గర్భనిరోధకం: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

గర్భస్రావం కోసం వచ్చిన మహిళలు అంతకుముందు ఏ గర్భనిరోధక పద్ధతి వాడారు? కాలంతోపాటు ఆ పద్ధతులు ఎలా మారాయి? ఆసుపత్రి రికార్డులు చూస్తే సరిపోతుందని మీకు అనిపించవచ్చు. కానీ ఆ రికార్డుల్లో ఏం రాయాలో నిర్ణయించింది చట్టం. అందువల్ల మనం ముందుగా చట్టాన్ని, తర్వాత పద్ధతులను పరిశీలిద్దాం.

1971 చట్టం

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్ ప్రకారం స్త్రీ ప్రాణాన్ని కాపాడటానికి తప్ప గర్భస్రావం నేరంగా ఉండేది. ఆ స్త్రీ కూడా శిక్షార్హురాలే. 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైనా ఈ స్థితి మారలేదు. 1964లో నియమితమైన శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా వచ్చిన వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలోని ఒక వివరణను మీరు ప్రత్యేకంగా గమనించాలి. పిల్లల సంఖ్యను పరిమితం చేసుకోవడానికి వివాహిత గానీ ఆమె భర్త గానీ వాడిన పద్ధతి విఫలమై గర్భం వస్తే, ఆ వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హానిగా భావించవచ్చని 2021 వరకు ఆ వివరణ చెప్పేది. అప్పట్లో ఏ పద్ధతీ వాడని వివాహితకు, పద్ధతి వాడిన అవివాహితకు ఈ వెసులుబాటు ఉండేది కాదు. వారు చట్టంలోని ఇతర కారణాలపై ఆధారపడాల్సి వచ్చేది. కాబట్టి "గర్భనిరోధకం విఫలమైంది" అన్న నమోదు ఆ మహిళ అలవాటును తెలిపేదే కావచ్చు, చట్టం ఇచ్చిన దారిని ఎంచుకోవడమూ కావచ్చు.

2003 నిబంధనల్లోని నెలవారీ నివేదిక నమూనా చూడండి. గర్భస్రావంతోపాటు ఎందరు శస్త్రచికిత్సకు, ఎందరు గర్భాశయ సాధనానికి అంగీకరించారో అందులో రాయాలి. అంతకుముందు వాడినది మాత్రయా, నిరోధా, లూపా అన్న వివరం అడగలేదు. జనాభా నియంత్రణ దృష్టి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పద్ధతుల్లో మార్పు

1965లో లూప్, 1968లో నిరోధ్ ప్రజల్లోకి వచ్చాయి. ఎమర్జెన్సీ కాలంలో, 1976–77లో సుమారు 83 లక్షల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో అత్యధికం పురుషులకే. బలవంతపు ఆపరేషన్లపై ప్రజాగ్రహం తర్వాత ఈ భారం స్త్రీలపైకి మళ్లింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల వివాహితల్లో 37.9 శాతం మంది ట్యూబెక్టమీపై ఆధారపడ్డారు. వేసెక్టమీ వాటా 0.3 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ట్యూబెక్టమీ 69.6 శాతం. కావలసినంత మంది పిల్లలు పుట్టాక చేసే ఆపరేషన్ ప్రధాన పద్ధతి అయినప్పుడు, అంతకుముందు కాన్పుల మధ్య ఎడం కోరే స్త్రీకి రక్షణ కొరవడుతుంది.

2002లో గర్భస్రావ మాత్ర మిఫెప్రిస్టోన్‌కు అనుమతి లభించింది. 2005 నుంచి అత్యవసర గర్భనిరోధక మాత్ర చీటీ లేకుండానే మందుల దుకాణాల్లో దొరుకుతోంది. ఒక అధ్యయనం అంచనా ప్రకారం 2015లో దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయి. వాటిలో 73 శాతం ఆసుపత్రుల వెలుపల, మాత్రలతో జరిగినవే. అంటే ఎక్కువ మంది మహిళల అనుభవం ఆసుపత్రి రిజిస్టరుకు ఎక్కనే లేదు.

2021 సవరణ

2021 సవరణ "వివాహిత లేదా ఆమె భర్త" అన్న మాటలను "ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి" అని మార్చింది. పిల్లల సంఖ్య పరిమితితోపాటు "గర్భం రాకుండా నివారించడం" అన్న ఉద్దేశాన్నీ చేర్చింది. వివాహితలకు, అవివాహితలకు మధ్య తేడా చూపరాదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సారాంశం

2021కి ముందు, తర్వాతి రికార్డులను పోల్చేటప్పుడు అవివాహితల సంఖ్య పెరిగినట్లు కనిపిస్తే, వెంటనే ప్రవర్తన మారిందని నిర్ణయించకండి. పాత గడిలో వారికి చోటు లేదని గుర్తుంచుకోండి. రికార్డులో ఏముందో చదవడంతోపాటు, అందులో ఎవరికి చోటు దక్కలేదో అడగడం కూడా చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత.