తుంటి కీలు వ్యాధులు: ఏ వయసులో ఏ చికిత్స, ఎందుకు ఆలస్యం చేయరాదు

బెంగళూరు సిటీ రైల్వేస్టేషనుకు, మెజెస్టిక్ బస్సు నిలయానికి చేరువలో ఉన్న పాత పేట కాటన్‌పేట. పత్తి వ్యాపారపు గుర్తు ఇప్పుడు పేరులోనే మిగిలింది. కరగ ఊరేగింపు ఏటా వచ్చి ఆగే తవక్కల్ మస్తాన్ దర్గా ఇక్కడిదే. కుప్పం, పలమనేరు, హిందూపురం, మడకశిర ప్రాంతాల నుంచి వైద్యం కోసం వచ్చే కుటుంబాలకు ఈ పేట మరో విధంగా పరిచితం. రైలు దిగి, ఇక్కడి లాడ్జిలో గది తీసుకుని, ఉదయాన్నే ఆటోలో విక్టోరియా ఆసుపత్రికి చేరుకోవచ్చు. 1900లో ప్రారంభమైన ఆ ఆసుపత్రి, 1955లో ఏర్పడిన బెంగళూరు వైద్య కళాశాలకు అనుబంధమైనది. ఎముకల చికిత్సకే ప్రత్యేకించిన సంజయ్ గాంధీ సంస్థ నగరంలో జయనగర వైపున ఉంది.

తుంటి నొప్పితో ఇంత దూరం వచ్చేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. తుంటి జబ్బు ఒక్కటి కాదు. పసికందుకు వచ్చేది వేరు, బడి పిల్లవాడికి వచ్చేది వేరు, యువకుడికీ వృద్ధుడికీ వచ్చేవి వేరు. ప్రతి జబ్బుకూ చిన్న చికిత్సతో సరిపోయే కాలం కొంత ఉంటుంది. ఆ గడువు దాటితే పెద్ద శస్త్రచికిత్స తప్పదు. గత వందేళ్ల పరిశోధనల సారాంశాన్ని ఈ ఒక్క మాటలో చెప్పవచ్చు.

కీలు నిర్మాణం

తొడ ఎముక పైకొన గుండ్రని బంతి వలె ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నె వంటి గుంటలో కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది. రెండింటి మీదా నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. బంతికి రక్తం చాలావరకు దాని కింది మెడ భాగం మీదుగా పోయే సన్నని నాళాల ద్వారానే అందుతుంది. మెడ విరిగినా, నాళాలు మూసుకుపోయినా బంతి క్రమంగా ఎండిపోతుంది. తుంటి జబ్బుల్లో అనేకం ఈ రక్త ప్రసరణతో ముడిపడినవే.

మరొక విషయం. తుంటి నొప్పి తుంటిలోనే తెలియాలని లేదు. సాధారణంగా గజ్జల్లో తెలుస్తుంది. పిల్లల్లో చాలాసార్లు తొడలోనో మోకాలిలోనో తెలుస్తుంది. మోకాలు నొప్పి అని కుంటుతూ నడిచే పిల్లవాడికి మోకాలితో పాటు తుంటిని కూడా పరీక్షింపవలసిందే.

పసిపిల్లలు: గిన్నె నుంచి తొలగిన తుంటి

కొందరు శిశువులకు పుట్టుకలోనే గిన్నె లోతు చాలక బంతి పక్కకు తొలగి ఉంటుంది. ఆడశిశువులకు, తొలిచూలు బిడ్డలకు, ఎదురుకాళ్లతో పుట్టినవారికి ఇది ఎక్కువ. తొడ మడతలు రెండు వైపులా సమానంగా లేకపోవడం, ఒక కాలు పొట్టిగా కనబడటం, గుడ్డలు మార్చేటప్పుడు ఒక తొడ పూర్తిగా విచ్చుకోకపోవడం దీని గుర్తులు.

ఆరు నెలల లోపు కనుగొంటే శస్త్రచికిత్స అవసరం సాధారణంగా ఉండదు. తొడలను విడదీసి ఉంచే పావ్లిక్ పట్టీలతో కొన్ని వారాల్లో కీలు కుదురుకుంటుంది. ఆ తరువాత అయితే మత్తు ఇచ్చి సరిచేసి పిండికట్టు వేయాలి. నడక వచ్చిన తరువాత తెలిస్తే కీలు తెరచి, ఎముకను కోసి అమర్చవలసి వస్తుంది.

పసివాడి కాళ్లను నిటారుగా చాపి గుడ్డతో బిగించి చుట్టే అలవాటు ఈ జబ్బును పెంచుతుంది. జపానులో 1970లలో ఆ అలవాటు మాన్పించేందుకు ప్రచారం సాగించగా, తుంటి తొలగిన శిశువుల సంఖ్య బాగా తగ్గిపోయింది. మన ఇళ్లలో తల్లులు బిడ్డను చంకన వేసుకుని, కాళ్లు రెండు వైపులా విచ్చుకునేట్టు ఎత్తుకోవడం కీలుకు మేలు చేసే పద్ధతే.

బడి ఈడు పిల్లలు: పెర్తిస్ వ్యాధి

నాలుగు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో, మగపిల్లల్లో మరీ ఎక్కువగా, తొడ ఎముక బంతికి రక్తం తాత్కాలికంగా ఆగిపోయే వ్యాధి ఇది. 1910 ప్రాంతంలో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ వైద్యులు వేర్వేరుగా దీనిని వర్ణించారు. రక్తం అందని బంతి మెత్తబడి, ముక్కలై, రెండు మూడు సంవత్సరాల్లో తిరిగి కొత్త ఎముకగా పెరుగుతుంది. మెత్తగా ఉన్న కాలంలో అది గిన్నెలోనే ఒదిగి ఉంటే గుండ్రంగా పెరుగుతుంది. బయటకు జరిగితే చపటగా మారి, నడివయసులోనే కీలు అరిగిపోతుంది.

ఈ వ్యాధిపై ప్రపంచం గుర్తించిన పరిశోధన కర్ణాటకలోనే జరిగింది. నైరుతి తీరంలో ఉడుపి పరిసరాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతున్నట్లు మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ బెంజమిన్ జోసెఫ్ బృందం గమనించింది. ఈ బృందం 610 మంది పిల్లల ఎక్స్‌రేలను పరిశీలించి, బంతి ఏ దశలో ఎలా మారుతుందో 2003లో వివరించింది. ఎముకను కోసి బంతిని గిన్నెలోకి ఒదిగించే శస్త్రచికిత్స, వ్యాధి తొలి దశల్లో చేసినప్పుడే ఆకారాన్ని కాపాడగలదని వారి పరిశీలనల్లో తేలింది. బంతి ముక్కలై కొత్త ఎముక పుట్టడం మొదలైన తరువాత అదే శస్త్రచికిత్స వల్ల ఆ ప్రయోజనం కలుగదు. పెద్ద పరీక్షలయ్యాక చూపిద్దాం, సెలవుల్లో చూపిద్దాం అని వాయిదా వేసే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పది నుంచి పదహారేళ్ల మధ్య, ముఖ్యంగా స్థూలకాయులైన పిల్లల్లో, బంతి ఎదుగుదల పొర వద్ద జారిపోవడం మరొక జబ్బు. అనుమానం కలిగితే పిల్లవాడిని నడిపించకుండా తీసుకువెళ్లాలి. తొలి దశలో ఒక్క స్క్రూతో ఆపవచ్చు.

జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ నొప్పి కూడా ఉంటే తుంటి క్షయను అనుమానించాలి. ప్రభుత్వ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద మందులు ఉచితం. కీలు చెడకముందే మొదలుపెట్టి, మధ్యలో మానకుండా వాడితే కీలు దక్కే అవకాశం ఎక్కువ.

యువకులు: బంతి ఎండిపోవుట

ఇరవై నుంచి యాభై ఏళ్ల మధ్య వారు తుంటి కీలు మార్పిడికి రావడానికి మన దేశంలో ముఖ్య కారణం ఇదే. అతిగా మద్యం సేవించడం, స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో లేక ఎక్కువ కాలం వాడటం, కొన్ని రక్త వ్యాధులు దీనికి దారితీస్తాయి. పేరు లేని పొట్లాల్లో అమ్మే ఒళ్లునొప్పుల, ఉబ్బసం పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్ వాడిన కొందరిలో తరువాత తుంటి ఎండిపోయినట్లు 2021లో ముంబై వైద్యులు తెలియజేశారు.

తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఎమ్మారై పరీక్షలోనే బయటపడుతుంది. బంతి కుంగకముందే తెలిస్తే, ఎముకలో రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే చిన్న శస్త్రచికిత్సతో కీలును నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చు. కుంగిన తరువాత మిగిలేది చాలావరకు కీలు మార్పిడే. ఒక వైపు వ్యాధి ఉన్నవారికి రెండో తుంటిని కూడా పరీక్షింపవలెను.

హందిగోడు పాఠం

అరుదైన తుంటి జబ్బులు కొన్ని వంశపారంపర్యంగా వస్తాయి. 1970ల మధ్యకాలంలో శివమొగ్గ జిల్లా సాగర తాలూకా హందిగోడు గ్రామంలో, పేద వ్యవసాయ కూలీ కుటుంబాల్లో తుంటి, మోకాళ్లు వంగిపోయి నడక పోయేవారు అనేకమంది కనబడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడ పరిశీలనలు జరిపారు. మొదట ఆహారం మీద, పురుగుమందుల మీద అనుమానం కలిగింది. తరువాత భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగిన అధ్యయనాల్లో అది తల్లిదండ్రుల నుంచి సంతానానికి సంక్రమించే ఎముకల లోపమని తేలింది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు కుంటుతూ ఉంటే, ఆ సంగతి వైద్యునికి మొదటే చెప్పడం అవసరమని దీనివల్ల తెలుస్తున్నది.

వృద్ధులు: తుంటి విరుగుట

స్నానాల గదిలోనో గడప దగ్గరో జారిపడిన వృద్ధురాలి కాలు పొట్టిగా కనబడి, పాదం బయటకు తిరిగి, లేవలేకపోతే తుంటి విరిగినట్లు భావించాలి. సరిహద్దు గ్రామాల్లో ఎముక విరిగితే ముందుగా గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. చేయి, ముంజేయి వంటి చోట్ల బయటి నుంచి బద్దలు కట్టి ఎముకను కదలకుండా ఉంచవచ్చు. కీలు లోపల విరిగిన మెడను బయటి కట్టు ఏదీ పట్టి ఉంచలేదు. పైగా అక్కడ రక్తం అందదు కనుక ఎముక అతకడం కష్టం.

ఈ వయసులో మంచానపడటమే ప్రాణాపాయం. పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వారాల్లోనే వస్తాయి. అందుకే ఒకటి రెండు రోజుల్లో శస్త్రచికిత్స చేసి, మర్నాడే నిలబెట్టాలన్నది నేటి పద్ధతి. 17 దేశాల్లోని 69 ఆసుపత్రుల్లో దాదాపు 3 వేల మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. గంటల్లోనే శస్త్రచికిత్స జరిగినవారిలో మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు కాని, మతిభ్రమ తక్కువగా కనబడింది, వారు త్వరగా నిలబడి త్వరగా ఇంటికి చేరారు.

పడినవారిని లాగడం, మర్దన చేయడం కూడదు. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, కాళ్లను కలిపి వదులుగా కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి తీసుకువెళ్లాలి.

కీలు మార్పిడి

ఈ శస్త్రచికిత్సకు నేటి రూపమిచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ చార్న్లీ. ఆయన మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడగా అవి కొద్ది సంవత్సరాల్లోనే అరిగిపోయాయి. ఆ వైఫల్యాన్ని దాచకుండా అంగీకరించి, 1962 నవంబరులో మరింత గట్టి ప్లాస్టిక్ అయిన పాలిథిలీన్ గిన్నెకు మారాడు. లోహపు చిన్న బంతి, ప్లాస్టిక్ గిన్నె, రెండింటినీ ఎముకకు పట్టి ఉంచే సిమెంటు అన్న ఆయన పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. 2019లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం అమర్చిన కీళ్లలో సుమారు 58 శాతం 25 సంవత్సరాల దాకా నిలుస్తాయి. డెబ్బై ఏళ్ల వ్యక్తికి అది జీవితకాలం. ముప్పై ఏళ్ల యువకుడికి మళ్లీ శస్త్రచికిత్స అవసరం కావచ్చునన్న హెచ్చరిక అది.

కొత్తదల్లా మంచిది కాదన్న పాఠం కూడా ఈ రంగంలో ఉంది. లోహపు బంతి లోహపు గిన్నెపై తిరిగే ఒక రకం కీలును లోహపు రజను, విఫలత కారణంగా 2010లో ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించారు. మన దేశంలోనూ వేల మందికి అది అమర్చి ఉంది. ఎవరికి ఏది అమర్చారో కనుగొనడమే తరువాత పెద్ద సమస్య అయింది. కనుక అమర్చిన కీలు పెట్టెపై ఉండే తయారీ సంఖ్య చీటీని అడిగి తీసుకుని, డిశ్చార్జి కాగితంతో పాటు భద్రపరచుకోవాలి.

మార్పిడి తరువాత కొన్నాళ్లు నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుకూర్చోవడం, కాలిపై కాలు వేయడం కూడదు. ఇంట్లో ఎత్తైన మంచం, కమోడ్ కుర్చీ, చేతికర్ర ముందే సిద్ధం చేసుకోవాలి.

ప్రయాణానికి ముందు

పాత ఎక్స్‌రేలు, వాడిన మందుల చీటీలు వెంట తీసుకువెళ్లాలి. తేదీల వారీ పాత ఎక్స్‌రేలే జబ్బు ఎంత వేగంగా ముదురుతున్నదో వైద్యునికి చెబుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని 2019 నవంబరు 1 నుంచి బెంగళూరులోని కొన్ని ఆసుపత్రులకు విస్తరించింది. ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. తమకు కావలసిన శస్త్రచికిత్స, తాము వెళ్లదలచిన ఆసుపత్రి అందులో ఉన్నవో లేవో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి బయలుదేరడం మేలు.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు మూడు. జబ్బు పేరేమి? ఇప్పుడు ఏ దశలో ఉంది? ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి, కాటన్‌పేటలో గది ఈ వారమే తీసుకోవాలో, పంట ఇంటికి వచ్చాక తీసుకోవచ్చో కుటుంబం నిర్ణయించుకోవచ్చు.