బయటి విద్యార్థి – నగరపు అంగళ్లు: కోఠి, సుల్తాన్‌బజారు, ఆబిడ్స్ ప్రాంతాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

జిల్లాల నుంచి హైదరాబాదుకు చదువుకోసం వచ్చిన విద్యార్థికి తరగతులు మొదలుకాకముందే నగరంతో పరిచయం అంగడిలో కలుగుతుంది. బకెట్టు, తాళం, దుప్పటి, నోటుపుస్తకాలు, ఆపైన పాఠ్యగ్రంథాలు. ఇవి ఎక్కడ దొరుకుతాయని అడిగితే, పెద్ద తరగతుల విద్యార్థులు చెప్పే పేర్లు కోఠి, సుల్తాన్‌బజారు, ఆబిడ్స్. చవక అన్నది ఇందుకు ఒక కారణమే. ఒక దానికొకటి నడకదూరంలో ఉన్న ఈ అంగళ్లు విద్యార్థి అంగళ్లుగా ఎలా రూపొందాయో, పరిశోధకులకు వాటితో గల సంబంధమేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రెసిడెన్సీ బజార్లు

మూసీకి ఉత్తరాన, కోటగోడకు వెలుపల, 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కిర్క్‌పాట్రిక్ బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని నిర్మింపజేశాడు. దాని చుట్టూ పెరిగిన వ్యాపార ప్రాంతాలే రెసిడెన్సీ బజార్లు. ఇక్కడ పాలనాధికారం నిజాముది కాక రెసిడెంటుది కావడంతో సాహుకార్లు, వర్తకులు ఈ పరిధిలో స్థిరపడ్డారు. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చాయి. నేటి సుల్తాన్‌బజారు ఆనాటి రెసిడెన్సీ బజారే.

సరుకుకు భద్రత కల్పించిన ఈ పరిధి తెలుగు అక్షరానికీ కొంత ఊపిరినిచ్చింది. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది ఈ ప్రాంతంలోనే. బట్టల అంగళ్ల రద్దీ నడుమ ఆ గ్రంథాలయం నేటికీ సుల్తాన్‌బజారులో నిలిచి ఉంది. పాలనాపరమైన ఒక సరిహద్దు అంగడినీ గ్రంథాలయాన్నీ పక్కపక్కన నిలబెట్టిన తీరు ఇక్కడ గమనార్హం.

విద్యాలయాలు, వసతిగృహాలు

అంగళ్ల వెంట విద్యార్థులు కూడా వచ్చి చేరారు. 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు ఆబిడ్స్ పరిసరాల్లో ఉండి, తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన అనేకులకు ఆశ్రయమైంది. అదే సంవత్సరం స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలినాళ్లలో నిజాం కళాశాల సమీపంలోని భవనాల్లో నడిచి, తరువాత అడిక్‌మెట్‌కు తరలింది. 1949లో మహిళా కళాశాల రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. నేటి వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం అదే. ఒకనాడు రెసిడెంటు కొలువు తీరిన ఆవరణ నుంచి విద్యార్థినులు గాజులకూ బట్టలకూ సుల్తాన్‌బజారు, బడీచౌడీ వీధుల్లోకి నడిచివెళ్లడం ఈ ప్రాంత చరిత్రలో వచ్చిన మార్పుకు చక్కని గుర్తు.

విద్యార్థి అవసరాలను బట్టి అంగళ్లూ విడివడ్డాయి. గిన్నెలు, స్టీలు సామాను టోకు ధరకు కావాలంటే బేగంబజారు. వైద్య, ఇంజనీరింగు, పోటీపరీక్షల పాత పుస్తకాలకు కోఠి కాలిబాట. తెలుగు సాహిత్యానికి ఒకప్పుడు బ్యాంక్ స్ట్రీట్‌లో ఉన్న విశాలాంధ్ర, కాచిగూడ చౌరస్తా దగ్గరి నవోదయ.

బేరం భాష

ఈ వీధుల్లో బేరం ఎక్కువగా దక్కనీలో సాగుతుంది. తెలుగు తప్ప మరొకటి రాని విద్యార్థి ‘కిత్నా’ అనడం ఇక్కడే నేర్చుకుంటాడు. ఉస్మానియాలో ఉర్దూ బోధనామాధ్యమంగా ఉన్న కాలంలో తెలుగు విద్యార్థికి ఆ భాష తరగతిలోనూ తప్పనిసరి. మాధ్యమం మారినా అంగడిలో దాని అవసరం పోలేదు. తెలంగాణ తెలుగులోని ఉర్దూ పదాలను పరిశీలించేవారు దస్తావేజులతోపాటు ఈ బేరాలనూ ఆధారంగా స్వీకరించవలసి ఉంది.

ఆదివారపు ఆబిడ్స్

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఇక్కడి ఆదివారపు పాతపుస్తకాల సంత మూసిన దుకాణాల ముందు సాగుతుంది. షట్టర్లు దించి ఉన్నంతసేపే ఆ కాలిబాట పుస్తకాలది. మరొకరి సెలవుపై ఆధారపడిన ఈ సంతకు స్థిరమైన చోటు లేదు.

ఈ వ్యాసకర్త పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, రెండు గ్రంథాలయాల్లో వెదికినా దొరకని ఒక పాత మాసపత్రిక సంచిక ఇక్కడ వంటల పుస్తకాల కింద దొరికింది. లోపలి పుటపై ఒక పల్లె పఠనమందిరం ముద్ర ఉంది. ఆ మందిరం ఎప్పుడు మూతబడింది, పుస్తకాలు ఎవరి చేతులు మారి ఇక్కడికి చేరాయి అన్న ప్రశ్నలు అమ్మే అతనిని అడగాలని అప్పుడు తోచలేదు. సంచికలోని వ్యాసం సిద్ధాంతగ్రంథంలో చోటు చేసుకుంది. పఠనమందిరం ఊసు మాత్రం అందులో లేదు. ఆ లోపం సంతది కాదు, పరిశోధకుడిది.

ముగింపు

రెసిడెన్సీ పరిధి వర్తకాన్ని, వర్తకం జనసమ్మర్దాన్ని, విద్యాలయాలు పుస్తకాన్ని ఈ ప్రాంతానికి తెచ్చాయి. విద్యార్థి కొనుగోలు ఈ మూడింటి కలయిక. వీధి వర్తకుల జీవనోపాధి రక్షణకు 2014లో కేంద్ర చట్టం వచ్చింది. అయితే కాలిబాటపై వారికి చోటు మిగిలితేనే దానికి సార్థకత. ఆదివారం కూడా షట్టర్లు తెరుచుకుంటే ఈ సంత ఎక్కడికి వెళ్తుందన్నది సాహిత్య పరిశోధకులు సైతం ఆలోచించవలసిన విషయం. మనవంతుగా వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. పాతపుస్తకం కొన్నప్పుడు దానిపై ఉన్న ముద్ర, సంతకం, కొన్న తేదీ, చోటు, అమ్మినవారు చెప్పిన వివరం రాసి ఉంచుకోవాలి. మూతబడిన పఠనమందిరాల చరిత్ర రాయడానికి ఆ నాలుగు పంక్తులే రేపు ఆకరాలవుతాయి.