ఒక్క అక్షరం తేడా

"నొప్పులు పోరనికి. పరీక్ష మాకెందుకు సిస్టరమ్మా?"

"మీ ఇద్దరి తానకెల్లే వచ్చిందక్కా వానికి."

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ఏజెన్సీలో ఎన్నో ఇళ్లలో జరిగేదాన్ని ఒక్క గోండు ఇంట్లో కూర్చి చెబుతున్నాను. పిల్లాడు రాత్రంతా మోకాళ్లు పట్టుకుని ఏడ్చాడు. అమ్మానాన్నలకు ఏ జబ్బూ లేదు.

సిస్టరు తల్లి వేలి నుంచి రక్తపు బొట్టు తీసి చిన్న గాజు గొట్టంలోని మందునీళ్లలో కలిపింది. గొట్టం వెనక నల్లగీతల కాగితం పెట్టింది. గీతలు కనిపిస్తే భయం లేదు. కాసేపటికి నీళ్లు మసకబారి గీతలు మరుగైపోయాయి. తండ్రిదీ అంతే. ఇద్దరిలోనూ సికిల్ హిమోగ్లోబిన్ ఉంది.

ఆ మసక వెనకున్న గుట్టును 1956లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, వడపోత కాగితం మీద ఒక దిక్కు కరెంటుతో, అడ్డంగా ద్రావకంతో విడదీశాడు. నిన్‌హైడ్రిన్ తగలగానే ఊదా మచ్చలు తేలాయి. మామూలు రక్తం మచ్చల పక్కన సికిల్ రక్తం మచ్చలు పెట్టి చూస్తే ఒక్కటే చోటు మారింది! గ్లూటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉందని మరుసటి ఏడాది తేల్చాడు. బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ అనే మూడక్షరాలు జీటీజీ అయ్యాయి, అంతే. వాలీన్‌కు నీళ్లు పడవు. ఆక్సిజన్ తగ్గగానే హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి, ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాలకు అడ్డం పడుతుంది. పిల్లాడి మోకాళ్లలో నొప్పి అదే.

కరీంనగర్‌లో నెలనెలా రక్తం ఎక్కించుకునే బీటా తలసీమియా పిల్లలదీ ఇదే జన్యువు. లోపమే వేరు. కొందరిలో ఒక అక్షరం అదనంగా చేరి, అక్కడి నుంచి మూడేసి అక్షరాల లెక్కంతా తప్పుతుంది. కొందరిలో ఒక్క అక్షరం మారి 'ఇక ఆపు' అనే గుర్తు ముందే వచ్చేస్తుంది. సికిల్‌లో ప్రొటీన్ తయారై చెడగొడుతుంది, ఇక్కడ తయారే కాదు, లేదా చాలదు. మూడక్షరాల్లో ఒకటి మారినా అదే అమినో ఆమ్లం వచ్చి, ప్రొటీన్‌కు ఏమీ కాని మార్పులూ ఉన్నాయి.

"మేమేం పాపం చేసినం?" అంది తల్లి.

పాపం కాదు. సికిల్ జన్యువు ఒక్క కాపీయే ఉన్న వాహకులకు ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లోనే ఆంథొనీ ఆలిసన్ చూపాడు. దోమల అడవుల్లో తరతరాలను కాపాడిన మార్పే ఇది. రెండు కాపీలు కలిసినప్పుడే కష్టం. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం.

సిస్టరు హైడ్రాక్సీయూరియా మందు కోసం పెద్దాసుపత్రికి చీటీ రాసింది. నీళ్లు బాగా తాగించమంది.

"మీ చెల్లెకు మేనబావతోని పెండ్లి అంటున్నరు గద? ముందుగాల ఇద్దరినీ తోల్కరా అక్కా, చూస్త."