ఇంటి దగ్గర చదువు, బందరులో పరీక్ష

పెళ్ళి మాటల్లో ఎకరాల సంగతి, రొయ్యల చెరువుల సంగతి తేలాక బంటుమిల్లి వైపు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది.

"అబ్బాయి డిగ్రీ రెగ్యులరేనాండీ?"

"ఓపెన్లో కట్టాడండీ. మిల్లులో గుమాస్తాగా చేస్తూనే మూడేళ్ళూ..."

ఆ "చేస్తూనే" దగ్గరే అవతలివాళ్ళు వినడం మానేస్తారు. పగలంతా బస్తాల లెక్క రాసి, రాత్రి పుస్తకం పట్టి, ఆదివారం బస్సెక్కి క్లాసుకి వెళ్ళినవాడికి మార్కులు తగ్గుతాయి. కాలేజీలో పేరు రాయించుకుని ఏడాదిలో నెల రోజులైనా బెంచీ మీద కూర్చోనివాడు మాత్రం రెగ్యులర్. ఈ లెక్క ఎక్కడ మొదలైందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎందుకంటే ఇంటి దగ్గర చదివి పట్నంలో పరీక్ష రాయడం ఈ లంకలకీ కాలవగట్లకీ కొత్త కాదు. రెండు మూడు తరాల కిందట అది గౌరవంగానే ఉండేది.

బందరు చదువుల ఊరే. రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి తర్వాత నోబుల్ కాలేజీ అయింది. కోపల్లె హనుమంతరావు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. కానీ పెదతుమ్మిడి పిల్లాడికో ములపర్రు పిల్లాడికో బందరు చదువంటే ముందు తిండి, ఆ తర్వాతే పుస్తకం. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో వారాలు కుదుర్చుకోవాలి. ఆ వారాలు కూడా అందరికీ దొరికేవి కావు. కులం అడిగాకే విస్తరి వేసే గడపలవి. ఇక ఆడపిల్లల మాట చెప్పనక్కర్లేదు.

అలాంటివాళ్ళకి అందిన మొదటి పెద్ద దారి, వింతగా, హిందీ. 1918లో మద్రాసులో గాంధీజీ చొరవతో మొదలైన హిందీ ప్రచార ఉద్యమం దక్షిణ భారత హిందీ ప్రచార సభగా స్థిరపడింది. దాని పెద్ద స్తంభాల్లో ఒకరు మోటూరి సత్యనారాయణ. 1902లో కృష్ణా జిల్లా దొండపాడులో పుట్టిన మనిషి. సభ పద్ధతి చాలా తేలిక. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని మెట్లు కట్టి, ఎక్కడ చదివావని అడక్కుండా పరీక్ష పెట్టడమే. ఊళ్ళో ఒక ప్రచారకుడు ఉంటే చాలు. సాయంత్రం అరుగు మీద లాంతరు పెట్టుకుని నలుగురికి పాఠం చెప్పేవాడు. గడప దాటనివ్వని ఇళ్ళలోని కోడళ్ళు కూడా అలా మెట్టు తర్వాత మెట్టు ఎక్కేవారు. ఆ పరీక్షలు గట్టెక్కి హైస్కూళ్ళలో హిందీ పండిట్లయినవాళ్ళని "మీరు కాలేజీకి వెళ్ళారా?" అని పిల్లలూ అడగలేదు, పెళ్ళివాళ్ళూ అడగలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ కూడా ఇలాంటిదే. బడి మానేసిన ఆమె బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా చదివి గట్టెక్కారు. తనలాంటి ఆడవాళ్ళని అదే పరీక్షకి తయారు చేస్తూ చేస్తూనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఆ కాలంలో ప్రైవేటుగా పాసవడం పట్టుదలకి గుర్తు.

తర్వాత పోస్టు వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. పదేళ్ళకి, 1972లో, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు కూడా ఆ బాట పట్టాయి. పాఠాలు కవరులో వచ్చేవి. అయితే ఇంటర్ గట్టెక్కినవాడికే ఆ కవరు. టెన్త్ తప్పి మగ్గం ఎక్కిన పెడన కుర్రాడికి అందులో చోటు లేదు.

ఆ తలుపు 1982 ఆగస్టు 26న తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ, అప్పుడు పుట్టింది. ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్. ఆయన పదవిలో ఉన్నది ఏడు నెలలలోపే. ఆ కాస్త కాలంలో చేసిన ఈ ఒక్క పని నలభై ఏళ్ళు దాటి నిలిచింది. నడిపించే భారం అంతకుముందు ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసిన జి. రామిరెడ్డి మీద పడింది.

రామిరెడ్డి ముందు ఒక నమూనా ఉంది. 1969లో ఏర్పడ్డ బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ. అక్కడ బీబీసీ టీవీలో పాఠాలు చెప్పారు. మన పల్లెల్లో 1982 నాటికి టీవీ పెట్టె ఎక్కడో ఒకటి. అందుకని ఇక్కడ అచ్చు పుస్తకమే ఆధారమైంది. రేడియో పాఠం పక్క వాద్యం. వాటికి తోడు ప్రభుత్వ కాలేజీల్లో స్టడీ సెంటర్లు, ఆదివారాలు కాంటాక్ట్ క్లాసులు. అన్నిటికన్నా తెగువైన పని ఇంకొకటి: ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా అర్హత పరీక్ష ఒకటి పాసైతే డిగ్రీలో చేరవచ్చన్నారు. పాఠాలు తెలుగులో, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాయించారు. యూనిట్ చివర ప్రశ్నలు, జవాబు సరిచూసుకునే వీలు. కండక్టర్లు, కానిస్టేబుళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు ఆ లావుపాటి పుస్తకాల మీదే ప్రమోషన్ మెట్లు ఎక్కారు. కేంద్రం 1985లో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు మొదటి వైస్ చాన్సలర్‌గా పిలిచింది రామిరెడ్డినే. 1991లో, అంబేడ్కర్ శతజయంతి ఏడాది, మన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

మరి చులకన ఎప్పుడు మొదలైంది? నా ఉద్దేశంలో తప్పు దూరానిది కాదు, దుకాణాలది. ఎక్కడెక్కడి విశ్వవిద్యాలయాలో వీధివీధికీ ప్రైవేటు స్టడీ సెంటర్లు తెరవనిచ్చాయి. ఫీజు కడితే పుస్తకం ముందు పెట్టుకుని రాసుకోవచ్చని పేరు పడ్డవి వాటిలో లేకపోలేదు. ఆ మచ్చ నిజాయితీగా చదివినవాడికీ అంటింది. దానికి కోర్టు తీర్పులు తోడయ్యాయి. మొదటి డిగ్రీ లేకుండా నేరుగా తెచ్చుకున్న ఓపెన్ పీజీ చెల్లదని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కరస్పాండెన్స్‌లో ఇంజనీరింగ్ కుదరదని 2017లో మరో తీర్పు. రెండూ సబబైనవే. ఊళ్ళోకి వచ్చేసరికి మాత్రం "ఓపెన్ చెల్లదంట" అన్న ముక్కే మిగిలింది. గుర్తింపు ఉన్న సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటిస్తే, ఆ కబురు అంత వేగంగా పాకలేదు.

ఈలోగా 2020 వచ్చింది. బడులు మూశారు. దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం, విద్యావారధి పేర్లతో పాఠాలు వేశారు. డెల్టాలో చాలా ఇళ్ళలో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోనే. అదీ నాన్నతో రొయ్యల చెరువు గట్టు మీదికి పోయేది. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోయాయని కబురు చెప్పాలి కదా. ఆన్‌లైన్ చదువు మీద జనానికి అప్పుడు కలిగిన విసుగు న్యాయమైనదే. కాకపోతే అది కట్టుబట్టలతో పరుగెత్తించిన అత్యవసరపు ఏర్పాటు. దాన్ని చూసి దూరవిద్య మొత్తానికి మార్కులు వెయ్యడం అన్యాయం.

పైగా ఆ విసుగు ఎంతకాలం నిలిచింది? డీఎస్సీకీ గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ పరీక్షకీ కూర్చున్న కుర్రకారు ఇవాళ ఫోన్‌లో యాప్ కొనుక్కుని, ఎక్కడో హైదరాబాదులో చెప్పిన పాఠాన్ని ఒకటిన్నర వేగంతో వింటున్నారు. డబ్బు కట్టేది తల్లిదండ్రులే. దాన్ని "కోచింగ్" అంటారు కాబట్టి మర్యాదకి లోటు లేదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం రెగ్యులర్ కాలేజీ విద్యార్థి కూడా ఒక సెమిస్టరులో నలభై శాతం దాకా క్రెడిట్లు స్వయం పోర్టల్లోని ఆన్‌లైన్ కోర్సులతో తెచ్చుకోవచ్చు. అంటే పెళ్ళివాళ్ళు అడిగే ఆ రెగ్యులర్ డిగ్రీలోనే సగానికి కాస్త తక్కువ ఇంట్లోంచి వచ్చే వీలుంది.

ఇక ముందు పాఠం దొరకడం సమస్య కాదు. లేనిది అరుగు మీద కూర్చునే ఆ హిందీ ప్రచారకుడు. "నిన్న రాలేదేం?" అని అడిగే మనిషి. యాప్ గుర్తు చేస్తుంది గానీ నిలదీయదు. రాష్ట్రం విడిపోయాక అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉండిపోయింది. ఈ వైపు ఏ ఏర్పాటు జరిగినా ముందు చూసుకోవలసింది భవనాలు కావు. ఆదివారం బంటుమిల్లి హైస్కూల్లో రెండు గదులు తెరిచి, డిగ్రీ పాఠం చెప్పగల ఇద్దరికి గౌరవ వేతనం ఇవ్వడం మొదటి పని. పరీక్ష మాత్రం ఆ గదుల్లో పెట్టకూడదు. బందరులో, ముక్కూ మొహం తెలియని ఇన్విజిలేటర్ల ముందు రాయించాలి. ఈ రెండూ ఒక అయిదేళ్ళు గట్టిగా జరిగితే పెళ్ళివాళ్ళు అడిగే ప్రశ్న దానంతటదే మారుతుందో లేదో చెప్పలేను. ఉద్యోగమిచ్చేవాళ్ళు అడిగేది మాత్రం మారుతుంది.