బధిర విద్య: ఉపాధ్యాయుల పాత్ర

వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పే పద్ధతులనూ, అందుకోసం ఉపాధ్యాయులకిచ్చే శిక్షణనూ కలిపి బధిర విద్య అంటారు. దీని చరిత్రను సంజ్ఞలకూ మాటకూ మధ్య జరిగిన వాదంగా చెప్పడం పరిపాటి. ఆ వాదం వెనక మరో ప్రశ్న ఉంది: పాఠం అర్థమయ్యేలా చూసే భారం ఎవరిది, పిల్లలదా, గురువుదా? 18వ శతాబ్దంలో పారిస్‌లో ఫాదర్ ద లెపే బధిరులు వాడుకునే సంజ్ఞలు తాను నేర్చుకొని, వాటి ఆసరాతో ఫ్రెంచి నేర్పాడు. లెపే నెలకొల్పిన బడిలో చదివి, అక్కడే బోధించిన బధిరుడు లొరాన్ క్లెర్క్ 1817లో థామస్ గలాడెట్‌కు తోడై అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బడి నెలకొల్పాడు. భారం మోసిన గురువుల చేతుల్లోనే ఈ విద్య వేళ్లూనుకుంది.

1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు దీన్ని తలకిందులు చేసింది. సంజ్ఞల కంటే నోటిమాటే మేలని తీర్మానించడంతో ఎన్నో బడుల్లో సంజ్ఞలు నిషిద్ధమయ్యాయి, బధిర ఉపాధ్యాయులు కొలువులు కోల్పోయారు. సమాజం మాట్లాడే భాషను పిల్లలకు నేర్పాలన్న సదస్సువారి వాదన తోసిపుచ్చదగింది కాదు. అయితే పెదవుల కదలిక చెప్పేది కొంతే. పాట, బాట, మాట అన్నప్పుడు పెదవులు ఒకేలా కలుస్తాయి; తేడా సందర్భాన్నిబట్టి ఊహించాలి. భాషే రాని పసివాడికి ఆ సందర్భం ఎక్కడిది? సంజ్ఞలకు తమవైన వ్యవస్థ ఉందని భాషావేత్త విలియం స్టోకీ 1960లో నిరూపించాక మిలాన్ వాదన బలహీనపడింది. 2010లో వాంకూవర్ సదస్సు ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది.

వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్లు వచ్చాక ఇదంతా పాతబడిందని కొందరంటారు. వాటి మేలు కాదనలేం. కానీ యంత్రం టీచరు గొంతుతో పాటు ఫ్యాను రొదనూ బెంచీల చప్పుడునూ పెంచుతుంది. దూరం పెరిగేకొద్దీ మాట పలచబడుతుంది. టీచరు మెడలోని మైకు నుంచి మాటను నేరుగా పిల్లల చెవికి చేర్చే రేడియో పరికరాలు అందుకే వచ్చాయి. అయినా పిల్లల వైపు తిరిగి మాట్లాడటం, బోర్డు మీద రాస్తూ చెప్పకపోవడం, ముఖం మీద వెలుతురు పడేలా నిలబడటం, తోటి విద్యార్థి అడిగిన ప్రశ్నను మళ్లీ చెప్పడం ఏ యంత్రమూ చేయలేని పనులు.

భారతదేశంలో తొలి బధిర పాఠశాల 1885లో బొంబాయిలో మొదలైంది. అదే నగరంలో 1983లో వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఏర్పడింది. సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయులను, వికలాంగులతో సహా, శిక్షణనిచ్చి నియమించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కిక్కిరిసిన తరగతిలో ఒక్క విద్యార్థి కోసం ఇంత సాధ్యమా అన్నది న్యాయమైన సందేహమే. కానీ ముఖం చూపి మాట్లాడటం, ముఖ్యాంశాలు బోర్డు మీద రాయడం వల్ల వెనక బెంచీ పిల్లలకూ పాఠం బాగా అందుతుంది. దానికి ఖర్చు లేదు. సంజ్ఞా భాష మాత్రం అలవాటుతో వచ్చేది కాదు, శిక్షణ కావాలి. మొదటిది టీచరు బాధ్యత, రెండోది ప్రభుత్వ బాధ్యత. ఈ రెంటినీ వదిలేసి పిల్లవాడే సర్దుకోవాలనడం మిలాన్ పొరపాటును మరో రూపంలో కొనసాగించడమే.