కల్వం కలవని పొడి

వరికి జింకు అందకపోతే నాటిన రెండు మూడు వారాలకే ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు తేలతాయి. బాన్సువాడలో నిజాంసాగర్ నీళ్లతో వరి వేసే రైతు మట్టి పరీక్షకు ఇస్తే, పది లక్షల పాళ్లలో మొక్కకు అందే జింకు 0.6 పాళ్ల కన్నా తక్కువుంటే లోపమని తేలుస్తారు. ఆ మట్టిని ఇత్తడి రోట్లో దంచారనుకోండి. ఇత్తడంటే రాగి, జింకు. రోటి గోడ నుంచి రాలిన రవ్వంత చాలు, పొలంలో లేని జింకు కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకే మట్టిని కర్ర రోట్లోనో పింగాణీ కల్వంలోనో గడ్డలు చితికేంతవరకే మెల్లగా దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు.

నూరే పాత్ర నూరిన దానిలో కలవకూడదు. ప్రయోగశాల కల్వం పుట్టిందే ఈ పట్టుదలలోంచి.

పాత్ర కలిసిపోవడం ఎంత పాత సంగతో చూడండి. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాళ్ల గురించిన తన గ్రంథంలో, ఇంగిలీకాన్ని వెనిగర్‌తో రాగి రోట్లో రాగి రోకలితో నూరితే పాదరసం వస్తుందని రాశాడు. రాగి అక్కడ ఊరికే ఉండలేదు. ఇంగిలీకంలోని గంధకాన్ని తను పట్టుకుని పాదరసాన్ని విడిపించింది. మన రసవైద్యులు పాదరసంతోనే బతికినవాళ్లు. వాళ్ల గ్రంథం రసరత్నసముచ్చయం పడవలాంటి కల్వం, గుండ్రటి కల్వం, వేడి చేసి నూరే ఇనుప తప్తఖల్వం చెబుతుంది. పాదరసం రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, ఇనుము జోలికి పోదు. ఆ ఎంపిక వెనుక ఎంత అనుభవం ఉందో!

యూరప్ మందుల కొట్లలో చాలాకాలం ఇత్తడి, పాలరాయి రోళ్లే. కలాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుము పడుతుందని మన ఇళ్లలో తెలియనిదెవరికి? మందుకూ అదే గతి. పాలరాయి మీద ఆమ్లం పడితే బుసబుస పొంగి కరుగుతుంది. 1779 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని కుండల తయారీదారు జోసయా వెడ్జ్‌వుడ్ ఆమ్లానికి లొంగని గట్టి మట్టిపాత్రను కాల్చి కల్వంగా మలిచాడు. నేటి పింగాణీ కల్వానికి అదే మూలం. బయట నునుపు పూత, లోపల పూత లేని గరుకు. నూరేది ఆ గరుకే.

పింగాణీ కూడా కొద్దిగా అరుగుతుంది. ఆ అరుగుదలను తగ్గించేది అగేటు. మోస్ కొలతలో దాని గట్టిదనం దాదాపు 7. దక్కను నల్లరాతి బొరియల్లో పుట్టే రాయే అది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరాలుగా దాన్ని చెక్కుతున్నారు. అయితే అగేటులో నూరాలి, దంచకూడదు. దెబ్బకు బీటిస్తుంది, వేడికి పగులుతుంది. ముందు వేరేచోట చితక్కొట్టి, తర్వాతే అందులో వేయాలి. రంగులు నూరడానికి మరక పట్టని గాజు మేలు. ఆక్సీకరణ పదార్థాన్ని బొగ్గుతోనో గంధకంతోనో కలిపి ఏ కల్వంలోనూ నూరకండి, పేలుతుంది.

కొత్త రోట్లో ముందు తవుడో నూకలో రుబ్బి పారేయడం మనకు అలవాటే. కొత్త పింగాణీ కల్వానికీ బియ్యం నూరండి, పిండి తెల్లగా వచ్చేదాకా. మరక వదలకపోతే తడి ఇసుకతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నెర్రె కనబడితే పక్కన పెట్టేయండి. పాత నమూనా ఆ నెర్రెలోనే దాక్కుంటుంది.

రైతన్నలకు ఒక మాట: జింకు పరీక్షకు మట్టి తీసేటప్పుడు జింకు పూత ఉండే ఇనుప బకెట్ వాడకండి, ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి.