క్రాన్ పనులకు తేదీవారీ లాగ్: సర్వర్‌లో ఏ రాత్రి ఏం జరిగిందో తెలియాలంటే

లినక్స్ సర్వర్‌లో చెప్పిన టైమ్‌కి తనంతట తానే పనులు నడిపించే ప్రోగ్రామ్ క్రాన్. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఇది ఉంది. రాత్రి 2 గంటలకు డేటాబేస్ బ్యాకప్ తీయడం లాంటివి దీనికే అప్పగిస్తారు. ఆ టైమ్‌లో చూసేవాళ్లు ఎవరూ ఉండరు. బ్యాకప్ ఆగిపోయినా, దాంతో అవసరం పడే రోజు దాకా తెలియదు.

పని ఇచ్చే అవుట్‌పుట్‌ను క్రాన్ మామూలుగా ఆ యూజర్‌కు మెయిల్ చేస్తుంది. సర్వర్‌లో మెయిల్ ఏర్పాటు లేకపోతే ఆ సమాచారం పోయినట్టే. అందుకే రోజుకో ఫైల్‌లో రాయించడం మేలు.

గుర్తులు

కమాండ్ తర్వాత > పెట్టి ఫైల్ పేరు ఇస్తే అందులో పాత రాత చెరిగిపోతుంది. >> పెడితే కొత్తది పాతదాని కింద చేరుతుంది. తప్పుల సమాచారం కూడా అందులోకే రావాలంటే ఫైల్ పేరు తర్వాత 2>&1 రాయాలి. ముందు రాస్తే తప్పులు ఫైల్‌లోకి రావు.

తేదీ దగ్గర చిక్కు

ఫైల్ పేరులో తేదీని డేట్ కమాండ్‌తో తెప్పిస్తారు. దాని ఫార్మాట్‌లో % గుర్తు ఉంటుంది. క్రాన్‌టాబ్‌లో మాత్రం % అంటే కొత్త లైన్ అని అర్థం. కమాండ్ అక్కడికే తెగిపోతుంది. టెర్మినల్‌లో బాగా నడిచిన లైన్ క్రాన్‌లో నడవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ప్రతి % ముందు \ పెట్టాలి. లేదా మొత్తం కమాండ్‌ను స్క్రిప్ట్ ఫైల్‌లో రాసి, క్రాన్‌టాబ్‌లో ఆ స్క్రిప్ట్‌నే పిలవాలి. స్క్రిప్ట్ లోపల \ అక్కర్లేదు.

తేదీని 2025-03-14 లాగా ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే ఫైళ్లు కాలక్రమంలోనే కనిపిస్తాయి. పని అర్ధరాత్రి దాటేదైతే తేదీని స్క్రిప్ట్ మొదట్లోనే ఒకసారి తీసుకుని దాచుకోవాలి. లేకపోతే ఒకే పని లాగ్ రెండు ఫైళ్లలో పడొచ్చు.

పాత ఫైళ్లు

లాగ్‌లు పేరుకుపోతే డిస్క్ నిండుతుంది. 30 రోజులు దాటినవి ఫైండ్ కమాండ్‌తో తీసేయొచ్చు. ముందు డిలీట్ లేకుండా నడిపి, ఏవేవి పోతాయో చూసుకోవాలి.

పొద్దున్నే చూడాల్సింది

స్క్రిప్ట్ మొదలైన టైమ్, ముగిసిన టైమ్, ఎగ్జిట్ కోడ్ మూడూ లాగ్‌లో పడాలి. కోడ్ సాధారణంగా 0 అయితే పని సరిగా జరిగినట్టు. మొదలైన టైమ్ ఉండి ముగిసింది లేకపోతే పని మధ్యలో ఆగింది, లేదా ఇంకా నడుస్తోంది. ఆ తేదీ ఫైలే లేకపోతే పని అసలు మొదలు కాలేదేమో చూడాలి. చిట్టాలో ఒక రోజు పేజీ ఖాళీగా ఉంటే అకౌంటెంట్ ఎందుకని అడుగుతాడు. సర్వర్ చూసుకునేవాళ్లూ అలాగే అడగాలి.